సుజాత చెప్పాల్సిన మాట

ఆదివారం, మయూర్ విహార్

పక్షవాతం వచ్చినప్పటి నుంచి నా భార్య సుజాత ప్రతి మాటా వెతుక్కుంటోంది. సెలవులయ్యాక మళ్లీ బళ్లో పాఠం చెబుతానంటోంది. అందుకే రోజూ నానార్థాల గళ్లనుడికట్టు పూరిస్తున్నాం. ఒక అర్థం దగ్గర ఆగిపోతే ఇంకో అర్థం దారి చూపిస్తుందని థెరపిస్టు అన్నారు.

ఈ రోజు ఆధారం: చేయి, పన్ను, కిరణం, మూడక్షరాలు. సుజాత తన చేయి చూసుకుంది. పెదవులు కదిలాయి, మాట రాలేదు.

"పాపా, బతా దో న. అమ్మ టైర్డ్ అయిపోయింది" అంటూ నన్ను చెప్పేయమంది మా అమ్మాయి.

నాకూ చెప్పేయాలనిపించింది. ఇన్నాళ్లూ చెప్పేశాను కూడా. విలేకరిగా ఇంటర్వ్యూ చేసేటప్పుడు ఎదుటి మనిషి ఆగిపోతే నేను మాట్లాడను, వాళ్లే అందుకుంటారు. ఇంట్లో ఆ పద్ధతి ఎందుకు పాటించలేదో... పెన్ను కింద పెట్టి కూర్చున్నాను. టీ చల్లారిపోయింది.

"క... కర... కరము."

నేను రాయబోతే సుజాత పేపరు లాక్కుంది. "ఉండండి. నేనే." అక్షరాలు గళ్లు దాటి వంకరగా పడ్డాయి.

ఒక్క మాట వచ్చిందని నయమైపోయినట్టు కాదు. తరగతిలో పిల్లలు ఇంతసేపు ఆగరు. ఆ వేగం వచ్చేదాకా ఇంట్లో నేనూ అమ్మాయీ ఆగుతాం, సుజాత విసుక్కున్నా సరే.