జాన్సన్ అన్న మీద పడ్డ చెప్పు

లాల్‌గడి మలక్‌పేట్

ఒకప్పుడు నా ప్రాణమైన జాన్సన్ అన్నకు,

నీ ఫోన్ బంద్ ఉంది. అందుకే ఈ ఉత్తరం మీ చెల్లె షైని అక్క చేతికిస్తున్నాను. నిన్న లేఅవుట్ ప్రారంభంలో నీ మీద చెప్పు విసిరింది నేనే. దాచుకోను.

మన కుంటను పూడ్చి ప్లాట్లు చేసినోళ్ల స్టేజీ ఎక్కి, వాళ్లిచ్చిన కోటు తొడుక్కుని, "నా పాట తప్పు, మన్నించండి" అన్నావు. ఎవరన్నది? చర్చి కొయిర్‌లో మొదలై, సెగ బ్యాండ్ పెట్టి, వేలమంది చేత "కుంట మింగిన గేటు ముందర కప్పలెక్కడ పాడాలె" అని గొంతు చించుకునేలా పాడించిన జాన్సన్! ఆ పాటనే నేను కరపత్రంగా అచ్చేసి గోడలకంటించాను. ఆ ఊపులోనే వాళ్ల హద్దురాళ్లు పీకాను. కేసు పెడితే స్టేషన్లో కూర్చున్నాను. ఏమైంది? నా కరపత్రాలకు భయపడి మర్నాడే కేసు వాపసు తీసుకున్నారు. జనం తిరగబడితే పెట్టుబడి వణుకుతుందని నేను చదివింది అబద్ధం కాదు. చేపలు పట్టేవాడి కొడుకు నిలబడ్డాడు, నువ్వు వంగిపోయావు.

నీ వీడియో చూసి మా నాయిన మైసయ్య "గీయన గూడ గంతేనారా?" అన్నాడు. అన్నం ముట్టలేదు. ఆయనకు నువ్వే జవాబియ్యాలి.

ఇక నీ అభిమాని కాని,
నగేష్

*

తమ్మీ నగేష్,

"గీ పోరనికి అసలు సంగతి నువ్వు చెప్పకుంటె నేనే చెప్త" అని షైని మొండికేసింది. అందుకే రాస్తున్నాను.

నిన్ను స్టేషన్లో పెట్టిన రోజు మీ అమ్మ బాలనర్సమ్మ మా గడపలో కూలబడింది. "బిడ్డా, నీ పాట ఇన్నంకనే మావోడు రాళ్లు పీకిండు. నువ్వే ఇడిపియ్యాలె" అంది. నేరుగా లేఅవుట్ ఆఫీసుకు పోయాను. లేఅవుట్ ఓనర్ ఒక్కటే అడిగాడు: పాట తప్పని నలుగురిలో ఒప్పుకోవాలి. ఒప్పుకున్నాను. నిన్ను వదిలారు. నీకూ మీ నాయినకూ చెప్పొద్దని అమ్మతో నేనే అన్నాను.

సెగ వాళ్లు శనివారం మేడ్చల్ ప్రోగ్రాంకు వేరే గొంతు వెతుకుతున్నారు. వెతకనీ. నువ్వు మాత్రం ఎక్కడా నోరు విప్పకు, మళ్లీ కేసు పెడతారు.

నీ చెప్పు మా ఇంట్లోనే ఉంది. షైని కడిగి ఎండబెట్టింది. ఒక్క చెప్పుతోని ఎట్ల తిరుగుతున్నవ్ రా?

మీ అన్న,
జాన్సన్

*

అన్నా,

నీ ఉత్తరం జేబులో పెట్టుకుని టీకొట్టుకు పోతే, "చెప్పు మొనగాడొచ్చిండు, జరుగుండ్రి!" అని కుర్మయ్య మామ బెంచీ మీద చోటిచ్చి చాయ్ పోయించాడు. తాగలేకపోయాను.

అమ్మను అడిగాను. "అవ్, నేనే పోయిన. లోపల నా కొడుకుంటె ఇంట్ల కూసోవాల్నా?" అంది, బియ్యం చెరుగుతూనే.

ఈ ఉదయం లేఅవుట్ ఆఫీసు ముందు నిలబడి అరిచాను. "రాళ్లు పీకింది నేను. జాన్సన్ అన్న తలవంచింది నన్ను విడిపించడానికి. పాట తప్పు కాదు. కేసు మళ్లీ పెట్టుకోండి!" నా దోస్తు అన్వేష్ ఫోన్లో వీడియో తీశాడు. ఇప్పటికి అందరూ చూసే ఉంటారు. నువ్వు వద్దన్నావు. కానీ నా కోసం వంగేటప్పుడు నువ్వు నన్ను అడిగావా? నేనూ అడగలేదు.

అమ్మ నాతో మాట్లాడటం లేదు. నాయిన వాకిట్లో కుర్చీ వేసుకుని, "పోలీసు జీపొస్తె ముందుగాల నాతోని మాట్లాడాలె" అంటున్నాడు.

శనివారం కప్పల పాట నువ్వే పాడాలి. నాకు వినపడకపోవచ్చు. రెండో చెప్పు కూడా షైని అక్కకు ఇస్తున్నాను. జతగా ఉంచండి. స్టేషన్ నుంచి బయటికి వచ్చాక తొడుక్కుంటాను.

నీ తమ్ముడు,
నగేష్