మిరపకాయల దండ

మరియమ్మా,

నిన్నటికి నువ్వు వెళ్ళిపోయి ఏడాది. పొద్దున్నే సమాధి దగ్గరికి వద్దామనుకున్నాను. మిరప కల్లంలో పని ఆపించి మా అందర్నీ అద్దంకి సభకి లారీ ఎక్కించారు.

నువ్వుంటే నవ్వలేక చచ్చేదానివి. ఢిల్లీ నుంచి దిగిన నాయకుడికి ఎండు మిరపకాయల దండ వేశారు. ఆయనగారు "నేనూ రైతు బిడ్డనే!" అని మైకులో అరిచి, దండలోంచి ఒక కాయ తెంపి, అరచేతిలో నలిపి మరీ చూపించాడు. ఆ తర్వాత దేశం ఎంత సంపాదిస్తోందో, పేదరికం ఎట్లా పారిపోయిందో గంటసేపు ఊదరగొట్టాడు. మిర్చి ధర ఊసే లేదు. మధ్యలో చెమట పట్టి, అదే చేత్తో మొహమంతా తుడుచుకున్నాడు. ఇక చూడు, కళ్ళ వెంట ధారలు! మాట పెగిలితే ఒట్టు.

నా పక్కనున్న సుబ్బులక్క గట్టిగానే అనేసింది: "భుజంతో తుడుచుకోవాలని కూడా తెలీదు, ఈయన రైతు బిడ్డంటయ్యా!"

ఇవాళ పేపర్లో పెద్ద ఫోటో వేశారు. రైతుల కష్టాలు తలుచుకుని కన్నీళ్ళు పెట్టుకున్నాడట. తూ!

పెళ్ళయిన కొత్తలో నేనూ అట్లాగే తుడుచుకుంటే నా కళ్ళు మజ్జిగతో కడిగి, "దేవుడు భుజాలెందుకిచ్చాడయ్యా?" అని తిట్టావు, గుర్తుందా?

నువ్వు పోయావన్న కబురు నాకు కల్లంలోనే అందింది. చేతులు కడుక్కోకుండానే పరిగెత్తుకొచ్చాను. ఆ రోజు నా చొక్కా రెండు భుజాలూ తడిసిపోయాయి.