విప్పని మూటలు

ప్రియమైన అక్కకి,

ఫోన్లు రేవు గేటు దగ్గరే పెట్టించుకుంటున్నారు, మా బసేమో లోపల, అందుకే ఈ ఉత్తరం. మొన్న క్రేను గదిలో ఉండగా కడుపులో పోటు వచ్చింది. ఒకసారి ఎక్కితే డ్యూటీ అయ్యేదాకా కిందకి రానివ్వరు. కళ్ళు బైర్లు కమ్మినా పంటి బిగువున ఓడలోంచి పెట్టెలు దించాను. వచ్చే వారం మా అందరికీ రక్తపరీక్షలట. సీసాలు మీ ల్యాబుకే వస్తాయి. నాది కాస్త చూడు.

నీ బుడ్డోడు

ప్రియమైన బుడ్డోడికి,

నీ రక్తం మిషన్లో తిప్పాను. పైన తేటగా తేలాల్సింది చిక్కటి పాలలా తేలింది. పరగడుపున తీసిన రక్తమే అది. తిన్న వెంటనే అయితే సరేగానీ, పరగడుపున అలా ఉండకూడదు.

కొవ్వు నీళ్ళలో కలవదు కదా. అందుకని పేగులు దాన్ని చిన్న చిన్న మూటలు కట్టి రక్తంలోకి పంపిస్తాయి. దారిలో ఆ మూటలు విప్పి, కొవ్వును ఒంటికి అందించే ఎంజైము ఒకటుంటుంది. నీకది పనిచెయ్యట్లేదేమో. మూటలు అలా తిరుగుతూనే ఉన్నాయి. ముదిరితే క్లోమం వాచి ప్రాణం మీదకొస్తుంది. నూనె, వెన్న ముట్టుకోకు. ముందు నీకు చెబుదామని రిపోర్టు ఆపాను. ఆ క్రేను దిగిపో, నా మాట విను.

అక్క

అక్కా,

అంటే నా ఒంట్లో క్రేనుకి హుక్కు లేదన్నమాట. నవ్వొచ్చింది, ఆ వెంటనే ఏడుపొచ్చింది. ఆ రిపోర్టు వస్తే నన్ను పైకి ఎక్కనివ్వరు. ఇంకే రేవూ తీసుకోదు. నాకు వేరే పని రాదని నీకూ తెలుసు. ఎక్కితే చస్తాను, దిగితే బతకలేను. ఎటూ కదల్లేకపోతున్నాను.

ఒక్క సాయం చెయ్యి. నీ రక్తం తీసి నా పేరు అంటించు. నీకేం, గుండ్రాయిలా ఉంటావు.

నీ తమ్ముడు

ఒరేయ్ బుడ్డోడా,

నీ ఉత్తరం చదివి నిన్ను బాగా తిట్టుకున్నాను. కింద మనుషులు తిరుగుతుంటే, పైన నువ్వు స్పృహ తప్పితే? అలా అనుకుంటూనే, పొద్దున అందరికంటే ముందొచ్చి, పరగడుపున నా చేతికి నేనే సూది గుచ్చుకున్నాను. అవున్రా, నీ కోసం ఆ తప్పు చెయ్యడానికే సిద్ధపడ్డాను. మిషను ఆగాక సీసా బయటికి తీశాను.

నాదీ పాలే.

వెన్న తింటే కడుపునొప్పని చిన్నప్పుడు ఏడిస్తే, అమ్మ వేషాలేస్తున్నాననేది. నేనూ అదే నమ్మాను. నీకిద్దామంటే నా దగ్గరా మంచి రక్తం లేదు. ఇంకొకరిది దొంగిలించడానికి నాకు చేతులు రాలేదు.

రెండు సీసాలూ మన మన పేర్లతోనే మా ల్యాబు డాక్టరమ్మ ముందు పెట్టేశాను. నీ రిపోర్టు రేవుకి వచ్చేస్తోంది. నన్ను ఎంతైనా తిట్టుకో, కానీ వచ్చెయ్యి. ఆవిడ మనిద్దరినీ కలిపి చూస్తానంది. ఒక్కదాన్నే వెళ్ళలేనురా.

నీ అక్క