కొండ మీది నకలు

బేగిమాయ్,

కంప్యూటర్ ముట్టుకోకు. మీ అన్ననూ ముట్టుకోనివ్వకు. పాలు కాచి మూత పెట్టాను. నేను కొండ మీద గొర్రెలు మేపుతున్న సాపార్ బాబాయ్ దగ్గరికి వెళ్తున్నాను.

నిన్న నువ్వు లేనప్పుడు, పోయిన మామయ్య కొముజ్ తీగలు మీటి వాయించిన పాటలన్నీ చెరిగిపోయాయి. కోడలిని, నోటితో అనకూడని ఆయన పేరు చేత్తో మాత్రం ఎలా రాస్తాను? అందుకే ఆ ఫోల్డరుకు ‘పాతవి’ అని పెట్టాను. మీ అన్న పాత చెత్త అనుకుని తుడిచేశాడు. జంట డిస్కు ఉందిగా అని ధీమాగా చూశాను. ఇందులో ఏం జరిగితే అందులోనూ అదే జరుగుతుంది కదా, అదీ బుద్ధిగా తుడిచేసుకుంది.

"ఒక నకలు ఇంటి బయట ఉండాలి వదినా" అని నువ్వు వేసవి మొదట్లో ఇంకో డిస్కును పిండి సంచిలో పెట్టి బాబాయ్‌తో పంపావు. "గొర్రెలకు కచేరీ పెడతావా?" అని నవ్వాను. నీ కడుపు చల్లగుండ తల్లీ, ఇవాళ ఇంటి పరువు నిలబెట్టావు.

మీ అన్నను తిట్టకు. పొద్దున టీ కూడా తాగలేదు.

వదిన

మరిచాను. డిస్కు తెచ్చాక ఫోల్డరుకు పేరు నువ్వే పెట్టు. కూతురివి, నీకు అడ్డు లేదు. నేను నీ వెనక నిలబడి ఆయన పేరు కళ్లారా చూసుకుంటాను.