ఒక గంట గొంతు

తమ్ముడికి అక్క దీవెనలు.

గురువారం ఉదయం పదకొండు గంటలకు మా ఆఫీసు నీ భార్యను పని నుంచి పక్కన పెట్టి ఇంటికి పంపింది. ఆమెకు ఒంట్లో బాగానే ఉంది, నాన్న కులాసా, నేనూ తిని తిరుగుతున్నాను. క్షేమం అన్న మాట ఇంతవరకే రాయగలను.

ముందు నువ్వడిగిన వాటికి జవాబులు. నాన్న మోకాలి నొప్పి తగ్గింది. డాక్టరు కర్ర వాడమన్నాడు. కర్ర పడితే జనం ముసలాడనుకుంటారని నాన్న అభ్యంతరం. వంటింటి కుళాయి ఇంకా కారుతూనే ఉంది. ప్లంబరు వచ్చి, చూసి, తలూపి వెళ్లాడు. నీ భార్య ఉత్తరాలు ఎందుకు పొట్టిగా ఉంటున్నాయని అడిగావు. అలిగి కాదు. రోజంతా ఆస్పత్రిలో రోగుల గొంతులు రికార్డు చేయించి ఇంటికొచ్చేసరికి ఆమె దగ్గర మాటలు మిగలడం లేదు.

జరిగిందంతా ఆ రికార్డింగుల దగ్గరే. క్యాన్సరు వల్ల స్వరపేటిక తీసేయాల్సిన వాళ్ల చేత మేం ఆపరేషనుకు ముందే వందల వాక్యాలు చదివిస్తాం. తర్వాత వాళ్లు ఫోనులో టైపు చేస్తే ఫోను వాళ్ల గొంతుతోనే పలుకుతుంది. ఈ పని చేసే ప్రోగ్రాము ఆస్పత్రిలో ఉండదు. ఎక్కడో క్లౌడులో అద్దెకు తీసుకున్న యంత్రాల మీద, ఒక కంటెయినర్‌లో నడుస్తుంది. నీ ఓడ మోసే ఇనుప పెట్టె అనుకునేవు. ఇది ప్రోగ్రాముకు వేసిన తాత్కాలిక గుడారం లాంటిది. కొత్త వెర్షను పెట్టినప్పుడల్లా పాతదాన్ని లోపలున్న వాటితో సహా పీకేసి కొత్తది వేస్తారు. అందుకని దాచుకోవలసినవేవీ అందులో ఉంచం. వాటి కోసం నెట్‌వర్క్ మీద వేరేచోట ఉమ్మడి అల్మారా లాంటి ఒక ఫైల్ షేర్ ఉంది. కంటెయినర్‌లోని 'గొంతులు' అనే ఫోల్డరుకు దాన్ని తగిలిస్తాం. మా వాళ్లు మౌంట్ చేయడం అంటారు. అది తగిలి ఉంటే ఫోల్డరులో వేసినదల్లా షేర్‌కు చేరుతుంది. తగలకపోయినా అదే పేరున్న ఖాళీ ఫోల్డరు కంటెయినర్‌లో ఉండనే ఉంటుంది. ప్రోగ్రాముకు తేడా తెలియదు. నిశ్చింతగా అందులోనే రాసుకుపోతుంది.

బుధవారం సాయంత్రం నీ భార్య కొత్త వెర్షను పెట్టింది. మర్నాడు చూస్తే డ్రైవింగు మాస్టారి రికార్డింగులు ఒక్కటీ లేవు.

మాస్టారు ఈ ఊళ్లో సగం మందికి కారు నేర్పిన మనిషి. సోమవారం నుంచి మూడు రోజులు వచ్చి, మధ్యమధ్య నీళ్లు తాగుతూ, వాక్యాలన్నీ చదివారు. వచ్చే సోమవారం ఆయన ఆపరేషను. మా ఆఫీసు పెద్దాయన మీటింగు పెట్టి చివరిసారి ప్రోగ్రామును ముట్టుకున్నదెవరని అడిగారు. నీ భార్య లేచి, "నేనే సార్" అంది. ఆమెను ఇంటికి పంపి, షేర్ తాలూకు బ్యాకప్‌లు వెతకమని ఇద్దరిని కూర్చోబెట్టారు. ఫైళ్లు ఎలాగూ దొరుకుతాయి కనుక ఆపరేషను దాకా గొంతుకు విశ్రాంతి ఇవ్వమని సర్జను మాస్టారికి చెప్పారు. అప్పటి నుంచి ఆయన పలక మీద రాసి చూపిస్తున్నారు.

అవి దొరకవని నాకు ఆ మీటింగులోనే తెలుసు.

సోమవారం షేర్ పాస్‌వర్డు మారింది. నాకు చెప్పినవాళ్లు లేరు. మౌంట్ కాలేదు. షేర్ తగలకపోతే ప్రోగ్రాము మొదలు కాకూడదని అందులో ఒక తనిఖీ ఉంది. అది రాసింది నేనే. మాస్టారు నీళ్ల సీసా పట్టుకుని గదిలో కూర్చుని ఉన్నారు. తనిఖీ తీసేశాను, ప్రోగ్రాము లేచింది. భోజనం చేసి వచ్చి పాస్‌వర్డు సరిచేసి, తనిఖీ మళ్లీ పెడదామనుకున్నాను. భోజనాల వేళకు నాన్నను మోకాలి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి. వెళ్లాను, మరిచాను. మాస్టారు చదివింది ఏదీ షేర్ గడప తొక్కలేదు. అంతా ఆ గుడారంలోనే ఉండి, బుధవారం దానితోపాటే పోయింది. చేరని వాటిని బ్యాకప్‌లో ఎవరు వెతికినా ఏం దొరుకుతుంది?

మీటింగులో లాప్‌టాప్‌లోకి చూస్తూ కూర్చున్నాను. మౌంట్ చూసుకోకుండా ప్రోగ్రాము లేపావని పోయిన నెలలో నీ భార్యను నలుగురిలో కసిరింది నేనే. ఆ తనిఖీ రాసింది ఆ తర్వాతే. "నేనే సార్" అన్న మాట ఆమెకు వచ్చినంత తేలిగ్గా నాకు రాలేదు. గురువారం గడిచింది, శుక్రవారం గడిచింది. ఆమె వండింది తిన్నాను. "ఏదో ఒకచోట దొరుకుతాయిలే వదినా" అని ఆమే నాకు ధైర్యం చెప్పింది.

ఈ ఉదయం వంటింట్లో చెప్పేశాను. పొయ్యి కట్టేసి, చాలాసేపు గరిటె తుడుస్తూ నిలబడింది.

"నా కోపం నన్ను ఇంటికి పంపినందుకు కాదు వదినా. ఉన్న ఆ కాస్త గొంతునూ వాడుకోనీకుండా ఆయన్ని నోరు మూసి కూర్చోబెడితే, నువ్వు చూస్తూ ఊరుకున్నావు. అందుకు."

కాసేపటికి చెప్పులు వేసుకుని, "పద. ముందు ఆస్పత్రికి. మన పెద్దాయన తర్వాత" అంది.

నేను చెప్పిందంతా మాస్టారు విన్నారు. పలక తీసి, మళ్లీ పక్కన పెట్టి, గాలి లాంటి గొంతుతో అన్నారు. "హ్యాండ్‌బ్రేకు వెయ్యకుండా దిగిపోయే వాళ్లకి చాలామందికి నేర్పానమ్మా. బండి కదిలేదాకా వాళ్లకీ తెలీదు."

ఆయన భార్య నా ముఖం చూడలేదు. చూడకపోవడమే న్యాయం.

సర్జను పరీక్షించారు. ఈ రెండు రోజుల్లో వాపు పెరిగింది. రేపు ఒక గంట మాట్లాడనిస్తానన్నారు, అంతకు మించి వీల్లేదు. గంటలో పూర్తి గొంతు తయారు కాదు. ఆ మాట దాచకుండా చెప్పింది నీ భార్యే. ఏం టైపు చేసినా పలికే గొంతు ఇక రాదు, ఎంచుకున్న మాటలను మాత్రం ఉన్నవి ఉన్నట్టు దాచుకోవచ్చు అంది. ఏ మాటలన్నది మాస్టారూ ఆయన భార్యా తేల్చుకోవాలి. "తిట్లు మానొద్దు. అవి లేకపోతే ఈయన గొంతని నేను ఒప్పుకోను" అందావిడ. మాస్టారు పలక మీద ఏదో రాసి ఆవిడకు మాత్రమే చూపించారు.

పెద్దాయనకు మధ్యాహ్నం చెప్పాను. నీ భార్యను వెంటనే పనిలోకి తీసుకున్నారు. నేను తనిఖీని తిరిగి పెట్టి, షేర్ తగిలించి, ఒక ఫైలు వేసి, అది అటువైపు కనిపించేదాకా చూసి వచ్చాను. రేపు ఆ చూసే పని ఇంకొకరికి అప్పగించారు. నన్ను గదిలోకి రావద్దన్నారు.

రేపు ఆదివారం తొమ్మిది గంటలకు రికార్డింగు. మాస్టారి చేత మాట్లాడించేది నీ భార్య. సోమవారం ఎనిమిది గంటలకు ఆయన ఆపరేషను. మంగళవారం నా విచారణ.

ఇట్లు,
నీ భార్యకు ఇంకా జవాబు బాకీ ఉన్న
మీ అక్క