పేరు చెప్పనామె

బోధన్
మాఘ మాసం, 1939

నా ముద్దుల చెల్లె ప్రమీలకు,

అక్క దీవెనలు. నేను బోధన్ చేరాను. అంటే సామానూ నేనూ చేరాము, మీ బావ మాత్రం ఇంకా చేరలేదు. అవ్వతో అంతా క్షేమం అని చెప్పు. మిగతాది నీ ఒక్కదానికే రాస్తున్నాను, చదివి పొయ్యిలో పెట్టు.

బాపు కాలు బెణక్కపోతే ఈ పాట్లు ఉండేవి కావు. నాందేడులో బండి ఎక్కించేటప్పుడు ఏమన్నాడు? "నిజామాబాదుల అల్లుడు నిలబడి ఉంటడు, నీకేం భయం?" అన్నాడు గదా. బండి దిగి చూస్తే అల్లుడూ లేడు, అల్లుడి నీడా లేదు. రెండు రేకు పెట్టెలు, పక్కచుట్ట, ఇత్తడి బిందె, వీటన్నిటికీ తోడు అవ్వ గోనెసంచిలో కట్టిన ఇసుర్రాయి. కాపురానికి పోయే పిల్ల ఇసుర్రాయి లేకుండా పోతుందా అని పట్టుబట్టింది చూడు, ఆ రాయి దించేటప్పుడు హమాలీ ముత్తన్న నన్ను ఎగాదిగా చూశాడు.

"ఇదేందమ్మ గింత బరువు? బోధన్ల రాళ్లు లేవని నాందేడు కెల్లి మోస్కొస్తున్నవా?"

"మా అవ్వ ఇచ్చింది" అన్నాను.

"అవ్వలకేంది, ఇస్తరు. మోసేటోళ్లం మేము గద!"

మంచివాడే. దిగినవాళ్లంతా ఎవరి దారిన వాళ్లు పోయారు. నేను పెట్టె మీద కూర్చుని మీ బావను మనసులో తిడుతూ ఉన్నాను. ఏడాదిన్నర పుట్టింట్లో ఉంచి, గది దొరికింది రమ్మని రాసి, తీరా వచ్చే రోజున స్టేషనుకు రాకపోతే ఏ ఆడదానికి కోపం రాదు చెప్పు? ముత్తన్న అటు ఇటు తిరిగి మళ్లీ నా దగ్గరకే వచ్చాడు.

"ఎవలొస్తరమ్మ నీ కోసం?"

"మా ఇంటాయన. బోధన్ సక్కర ఫ్యాక్టరీల పన్జేస్తడు. మిషన్ల కాడ పెద్ద మేస్త్రి."

పెద్ద మేస్త్రి అని ఎందుకన్నానో నాకే తెలియదు. మిషన్లకు నూనె పోసే పని అని నీకూ తెలుసు, నాకూ తెలుసు. బాపు నాందేడంతా అట్లా చెప్పి చెప్పి నా నోటికీ అదే అలవాటైంది. ముత్తన్న కాసేపు ఏదో ఆలోచించాడు.

"పేరేంది ఆయనది?"

నేను తల దించుకున్నాను.

"పేరు చెప్పు బిడ్డ, జరంత పనున్నది. నా బిడ్డ అసొంటిదానివి, నా కాడ సిగ్గేంది?"

ఎట్లా చెప్పను? మగని పేరు నోట పలికితే ఆయన ఆయుష్షు తరుగుతుందని అవ్వ మనకు ఉగ్గుపాలతో పోసింది. పెండ్లినాడు నన్ను గడపలో ఆపి, పేరు చెబితేనే లోపలికి రానిస్తామని ఆడవాళ్లంతా అడ్డం నిలబడ్డప్పుడు కూడా పెదవులు కదిపానే గాని పలకలేదు. "చెప్పింది, చెప్పింది, పోనియ్యుండ్రి" అని మేనత్త గట్టెక్కించింది. ఆ తర్వాత మీ బావ ఎన్నిసార్లు ఆట పట్టించాడో! "ఒక్కసారి పలుకు, నీ నోట ఎట్లుంటదో వింట" అనేవాడు. నేను చెంగు నోట్లో కుక్కుకునేదాన్ని.

అందుకే ముత్తన్నకు మీ బావ రాసిన ఉత్తరం చూపించాను. కింద సంతకం ఉంది గదా. ఆయనకు చదువు రాదు. టికెట్ బాబు దగ్గరికి తీసుకుపోయాడు. ఆ బాబు కాగితాన్ని అటు తిప్పి ఇటు తిప్పి "యే తో తెలంగీ హై" అని తిరిగి ఇచ్చేశాడు. ఆయనకు ఉర్దూ వచ్చు, ఇంగ్లీషు వచ్చు, మన అక్షరాలు మాత్రం రావట. ముత్తన్న నా పెట్టెలనూ బిందెనూ చూసి "సరే తీ, పెద్ద మేస్త్రి అంటివి గద" అన్నాడు. దానికీ దీనికీ సంబంధం ఏమిటో నాకు అర్థం కాలేదు. అంతలో బోధన్ మోటారు పోతున్నదని కేకలు వేస్తుంటే సామాను దాని నెత్తిన వేసి, బోధన్‌లో ఏ ఇంటికని అడిగి తెలుసుకుని నన్ను ఎక్కించాడు.

దారి పొడుగునా చెరుకు బండ్లే. మోటారు వాటి వెనక నత్తనడక నడిచింది. బోధన్‌లో దిగి, బండి మాట్లాడుకుని, దేవవ్వ బెల్లం దుకాణం అని అడుగుతూ వచ్చాను. ఆ దుకాణం మీదిదే మన గది. ఇల్లుగలామె పేరు చెప్పడానికి నోటికి ఏ అడ్డూ లేదు చూడు! మెట్లు ఎంత ఇరుకంటే పెట్టె అడ్డంగా పట్టదు. బండివాడు ఇసుర్రాయి ముట్టనంటే రెండు బిళ్లలూ ఒకటి తరువాత ఒకటి నేనే మోశాను. "నడుము ఇరుగుతది పిల్ల, గంత ఆగుతలేదా?" అని దేవవ్వ కింద నుంచి తిడుతూనే ఉంది. ఆమె విధవరాలు, నోరు పెద్దది, మనసూ పెద్దదే.

గది చూసి నా కోపం సగం దిగింది. సున్నం కొత్తగా వేయించాడు. పొయ్యి పెట్టించి, పక్కన కట్టెలు పేర్చాడు. గోడకు అద్దం కొట్టాడు, అది సరిగ్గా నా ఎత్తుకు ఉంది. ఆయన మొహం చూసుకోవాలంటే వంగాలి.

మిగతా సగం కోపం దేవవ్వ మాటతో భయమైపోయింది. "మొన్న పొద్దుగాలనే పోయిండు గద బిడ్డ నీ కోసం! జరంతోని పెయ్యి కాలుతున్నది, పోవద్దన్న. ఇక్కడి మోటారు రైలొచ్చినంక చేరుతది, ఆమె ఒక్కతే నిలవడాలె అని ఒక రోజు ముందే పోయిండు. టేషన్ కాడ షెడ్డుల పండుకుంట అన్నడు" అంది. మరి స్టేషనులో ఎందుకు లేడు? ఎవరో దోస్తు ఇంట్లో పడుకుని ఉంటాడు, నేడొస్తాడు అంటుంది దేవవ్వ. నిన్నటి నుంచి ముద్ద దిగలేదు నాకు. వస్తే ముందు తిడతాను, తరువాతే అన్నం పెడతాను.

మెట్ల మీద చప్పుడవుతున్నది. మగమనిషి అడుగులే. ఆగిపోతున్నాను.

మీ అక్క
తార

—

బోధన్
ఫాల్గుణం

ప్రమీలా,

ఆ అడుగులు మీ బావవి కావు.

బాపు కుంటుకుంటూ వచ్చి పదకొండో రోజు దాకా ఉన్నాడు, అది నీకు తెలుసు. ఇంటికి రమ్మన్నాడు. రానన్నాను. ఎందుకు రానన్నానో ఆయనకు చెప్పలేదు. తలరాత అని ఆయన ఏడ్చాడు, అందరూ అదే అన్నారు. తలరాత కాదు చెల్లీ. అవ్వకు చెప్పనని ఒట్టు వేసుకుని చదువు.

ఆ పొద్దున మెట్లెక్కి వచ్చింది ముత్తన్న. గడప దాటలేదు, కూర్చోమంటే కూర్చోలేదు. తలగుడ్డ తీసి చేతిలో పట్టుకున్నాడు.

"మొన్న మాపటికి షెడ్డుల ఒకాయన జరంతోని పడిపోయిండు బిడ్డ. మీద గొంగడి, మాసిన ధోతి. నేనే టాంగల ఏసి దవాఖానకు తోలిన. అప్పటికి మాట లేదు. నువ్వు దిగినంక అనుమానమచ్చింది. పేరు చెప్తె దవాఖానకు ఉరికి అడిగొస్తనని అడిగిన. సంగతి చెప్పి ఊకెనె బెదిరియ్యొద్దని మింగిన. నువ్వు పెద్ద మేస్త్రి అంటివి. గా గొంగడాయన కాదనుకున్న. రాత్రి దవాఖాన కెల్లి కబురొస్తె గాయనెనని ఎరుకైంది."

నన్ను బెదిరించకూడదని ముత్తన్న చెప్పలేదు. ఆయుష్షు తరగకూడదని నేను చెప్పలేదు. ఇద్దరం మంచికే ఊరుకున్నాం. దవాఖాన స్టేషనుకు ఎంత దగ్గరో తరువాత చూశాను. మన ఇంటి నుంచి బజారుకు ఉన్నంత దూరం కూడా లేదు. నేను నా సామాను వేసుకుని మీ బావ పక్క నుంచే మోటారెక్కి వచ్చేశాను, తిట్టుకుంటూ వచ్చేశాను.

ముత్తన్న వెంట మళ్లీ నిజామాబాదు పోయాను. దవాఖాన వాకిట్లో గుమాస్తా పుస్తకం తెరిచి "నామ్?" అన్నాడు. ముత్తన్న నా మొహం చూశాడు. అప్పుడైనా టక్కున చెప్పానా? లేదు ప్రమీలా. లోపల ఆయన బతికే ఉన్నాడనుకుంటున్నాను, జ్వరంతో ఉన్నాడు, ఇప్పుడు పలికితే ఉన్న ఆయుష్షు కూడా పోతుందేమోనని నాలుక పీక్కుపోయింది. గుమాస్తా మళ్లీ అడిగాడు. కళ్లు మూసుకుని పలికాను. గట్టిగానే పలికాను. నా నోట ఆ పేరు ఎట్లా ఉంటుందో నాకు అప్పుడే తెలిసింది.

గుమాస్తా వేలు పేజీ మీద జరుగుతూ పోయి ఒక చోట ఆగింది. ఆయన తల ఎత్తలేదు.

హన్మవ్వ అని అక్కడి ఆయా, పెద్దమనిషి. నా చేయి పట్టుకుని లోపలికి తీసుకుపోతూ చెప్పింది. "జరం రొమ్ముకెక్కింది బిడ్డ. నిన్న మాపటికి జర తెలివొచ్చింది. అప్పటి సంది నీ మాటనె. నా పెండ్లాం రైలు దిగుతది, ఇసుర్రాయి తెస్తది, నా పేరడిగితె చెప్పది. టేషన్ల పేరు చెప్పనామె ఎవలన్న కనబడితె గామెనె నా పెండ్లాం, తోల్కరాండ్రి అని చేతులు పట్టుకున్నడు. టాంగ పిలగానితోని కబురంపిన. గప్పటికె నువ్వు పోయినవాయె. తెల్లారెదాక తలుపు దిక్కే సూసిండు. తెల్లారంగ పోయిండు."

విన్నావా చెల్లీ? నేను చెప్పనని ఆయనకు తెలుసు. అదే నా గుర్తుగా చెప్పాడు. కోపంతో చెప్పలేదట, చెబుతూ నవ్వాడట. నేను చెప్పి ఉంటే బతికేవాడని కాదు, డాక్టరు అప్పటికే చేయి దాటింది అన్నాడు. కానీ ఒక రాత్రి ఉండేది మాకు. పక్కన కూర్చుని నీళ్లు తాగించేదాన్ని. తలుపు దిక్కు చూసే పని లేకుండా నా దిక్కు చూసేవాడు. ఆ రాత్రి నేను ఇక్కడ, ఆయన కొట్టిన అద్దం ముందు నిలబడి, వచ్చాక ఎట్లా తిట్టాలా అని మాటలు వెతుక్కుంటున్నాను.

ఈ బుద్ధి నేర్చిన ఇంటికి నేను రాలేను. అవ్వ మొహం చూస్తే ఏదో ఒక రోజు అనేస్తాను, అన్నాక ఆమె బతకదు. అందుకే ఇక్కడే ఉంటున్నాను. ఎన్నాళ్లుంటానో, ఎందుకుంటానో అడగకు. పొద్దున లేవాలని ఉండదు. దేవవ్వ వచ్చి తిట్టి లేపుతుంది.

ఆయన పేరు నీకు రాద్దామని కలం పట్టాను. నోరు పలికింది గాని చేయి రావడం లేదు.

అభాగ్యురాలు
తార

—

బోధన్
వైశాఖం

పెండ్లికూతురు ప్రమీలకు,

నీ లగ్నం కుదిరిందని బాపు రాశాడు. నేను రాను. రాకూడదని అవ్వ రాయించిన మాట కూడా అందింది, ఆమెను తప్పు పట్టకు. నీకు పెట్టడానికి నా దగ్గర చీర లేదు. ఉన్నది ఈ ఉత్తరం ఒక్కటే. వెనకటివాటిలాగా దీన్ని పొయ్యిలో పెట్టకు. నీ మీద వేసిన ఒట్టు తీసేస్తున్నాను. ఇది అవ్వకు చదివి వినిపించు, వెనకటి సంగతంతా చెప్పి మరీ వినిపించు. ఆమెను బాధపెట్టాలని కాదు. నువ్వు గడప దగ్గర నిలబడే ముందు ఆమె వినాలి, అంతే.

నేను బతికే ఉన్నాను. ఆ ఇసుర్రాయే బతికిస్తున్నది. బజారువాళ్లు జొన్నలు తెచ్చిపోస్తారు, విసిరి ఇస్తాను. విసిరేటప్పుడు పాట పాడాలి గదా, నాకు ఏ పాటా నోటికి రాదు. ఒకనాడు రాయి తిప్పుతూ తిప్పుతూ ఆయన పేరు అన్నాను. మళ్లీ అన్నాను. రాయి తిరిగినంతసేపూ అంటూనే ఉన్నాను. దేవవ్వ మెట్లెక్కి ఉరికి వచ్చింది.

"పోయినోని పేరు గట్ల తీస్తరా పిల్ల? పాపం గాదు?"

"ఉన్నప్పుడు తీస్తే పాపం, పోయినంక తీస్తే పాపం. ఇంకెప్పుడు తియ్యాలె అవ్వా?" అన్నాను.

ఆమె నా ఎదురుగా కూలబడి రాయి రెండో పక్క పిడి పట్టుకుంది. ఇద్దరం చాలాసేపు విసిరాం. మధ్యలో, పిండి దిక్కే చూస్తూ, "మా ఆయన పేరు రాజమల్లు" అంది. ఆయన పోయి నాకెన్ని ఏండ్లో అన్ని ఏండ్లయిందట. ఆ మాట అని, కొంగుతో మొహం కప్పుకుని చిన్నపిల్లలా ఏడ్చింది. నేనూ ఏడ్చాను. పిండి తడిస్తే బేరం పోతుందని మళ్లీ ఆమే తిట్టింది.

నా దుఃఖం తీరిందనుకోకు. అద్దం అక్కడే ఉంది. మెట్ల మీద మగమనిషి అడుగులు వినపడితే ఇప్పటికీ చేయి ఆగిపోతుంది. ఇది తీరేది కాదు.

నీ పెండ్లినాడు కూడా నిన్ను గడపలో ఆపుతారు. పేరు చెప్పమంటారు. నువ్వు తల దించుకుంటే, చెప్పింది చెప్పింది అని మేనత్త నిన్నూ గట్టెక్కిస్తుంది. గట్టెక్కకు. చెంగు నోట్లో పెట్టుకోకు. తల ఎత్తి, నీ మగని మొహం చూసి, వీధి చివర నిలబడ్డవాడికి వినపడేటట్టు పలుకు. ముసలివాళ్లు బుగ్గలు నొక్కుకుంటారు, ఆయుష్షు తరుగుతుందంటారు. అప్పుడు అవ్వనే అడుగు. బావ ఉన్నప్పుడు మా అక్క ఒక్కసారి కూడా పలకలేదు గదా, ఏం మిగిలిందని అడుగు.

మీ బావ పేరు రాజనర్సు. అవ్వకు ఇది రెండుసార్లు చదువు. రాజనర్సు.

ఇట్లు
రాజనర్సు పెండ్లాం
తారాబాయి