దెయ్యం కట్టుకున్న అమ్మ మధుపర్కం

కిరండూల్,
గురువారం

అన్నయ్యకు చెల్లెలు వరలక్ష్మి రాసేది. ఇక్కడ నేనూ మీ బావగారూ కులాసా. నువ్వూ, వదినా, పిల్లలూ బాగున్నారని తలుస్తాను. వదిన మోకాళ్ల నొప్పి తగ్గిందా? ఫోన్ ఉండగా ఉత్తరమేమిటని ఆశ్చర్యపోకు. ఫోన్‌లో అయితే నువ్వు నవ్వేసి మాట మార్చేస్తావు. కాగితంతో అలా కుదరదు.

బదిలీ మీద ఇక్కడికొచ్చి రెండు నెలలవుతోంది. మా గురించి బెంగపెట్టుకోకండి, బాగానే ఉన్నాం. రైల్వే క్వార్టరు చిన్నదే కానీ వంటింటి కిటికీ తీస్తే బైలదిల్లా కొండలు కనిపిస్తాయి. వానలు మాత్రం విసుగు పుట్టిస్తున్నాయి. వాన లేని రోజున ఇనుపరాయి దుమ్ము. మీ బావగారి చొక్కాలు ఎంత ఉతికినా ఎర్రగానే ఉంటున్నాయి. సంతలో కూరలమ్మే ఆవిడది భోపాలపట్నం వైపు. నా హిందీ విని, "దీదీ, తెలుగుల్నే అడుగు, నాకు సమజైతది" అని నవ్వుతుంది. తిండికి లోటు లేదు, బాగానే ఉన్నాం.

ఆయన డ్యూటీకి పోతే నాకు పొద్దు గడవదు. పక్క క్వార్టరు మేరీగారే దిక్కు. వాళ్లది శృంగవరపుకోట. పోయిన ఆదివారం మధ్యాహ్నం చర్చి నుంచి వచ్చి, "రండమ్మా, పాత దెయ్యం సినిమా ఒకటి దొరికింది, ఇద్దరం నవ్వుకుందుం" అని పిలిచారు. ఫోన్‌లోంచి టీవీకి తగిలించి పెట్టారు. నలభై ఏళ్ల కిందటిది. పేరు రాయను, నీకు తెలుసు.

దెయ్యం చేతికి వాచీ ఉంది. గబ్బిలాన్ని ఆడిస్తున్న దారం కనిపిస్తోంది. అర్ధరాత్రి అని గడియారం పన్నెండు కొడుతుంటే కిటికీ బయట ఎండలో ఎవరో సైకిలు మీద పోతున్నాడు. కడుపుబ్బ నవ్వాం. ఇంతలో బంగళా మెట్ల మీద ఒక శవం. ముక్కు మీద ఈగ వాలితే ఆ శవం మూతి పక్కకు తిప్పింది. మేరీగారు పడీపడీ నవ్వారు. ఆ మూతి తిప్పడం చూసి నేను ఆగిపోయాను. అది నువ్వు. ఎన్‌సిసి క్యాంపని ఇంట్లో చెప్పి వెళ్లిన ఆ నాలుగు రోజులు అప్పుడు గుర్తొచ్చాయి. ముందు సంతోషమే వేసింది, తెలుసా? మా అన్నయ్యే అని మేరీగారికి గొప్పగా చెప్పుకున్నాను కూడా.

తర్వాత దెయ్యం వచ్చి నీ మీదకు వంగింది. పైటచెంగు గాలికి లేచి టీవీ అంతా కమ్మేసింది. ఎర్రంచు తెల్లచీర. చెంగు మూల నల్లజీడి రసంతో చెరగకుండా పెట్టిన మూడు చుక్కలు, కింద అడ్డగీత. మన ఇంటి గుర్తు. వీధిలో ఒకరి బట్టలు ఇంకొకరి వాటిలో కలవకుండా ఇంటికో గుర్తు పెట్టి ఉతికి తెచ్చిన పైడమ్మ చేతి గుర్తు. మళ్లీ వెనక్కి తిప్పమని మూడుసార్లు చూశాను.

అమ్మ పెళ్లి మధుపర్కం. ఏడాదికోసారి ఎండకు వేసి, మడతపెట్టి, పెట్టె అడుగున దాచుకునేది. అది పోయిందని ఇల్లంతా గోలగా ఉన్నప్పుడు నువ్వు నన్ను పెరట్లోకి తీసుకెళ్లి ఏమన్నావు? "పైడమ్మ తీస్తుంటే నేను కళ్లారా చూశాను. నేను చెబితే నాన్న నమ్మరు. నువ్వు చూశానని చెప్పు, చిన్నదానివి" అన్నావు. నాకు ఎనిమిదేళ్లు. వీధిలో అందరి ముందూ చెప్పాను. పైడమ్మ నా ముందు గొంతుక్కూర్చుని, "నా మొకం సూసి సెప్పు తల్లీ" అంది. నేను నీకేసి చూశాను. నువ్వు తలూపావు. మళ్లీ చెప్పాను.

మర్నాటి నుంచి ఆమెకు ఎవరూ బట్టలు వెయ్యలేదు. నెల తిరక్కుండా పిల్లల్ని తీసుకుని ఊరొదిలి పోయింది. మా వరం అబద్ధమాడదని నాన్న ఎన్నేళ్లు చెప్పుకున్నారో నీకు గుర్తుందా? అప్పుడు నువ్వు పక్కనే ఉండేవాడివి.

చీర పోతే పోయింది. సినిమా పిచ్చిలో ఆ వయసులో తీసి వాళ్లకిచ్చావు, నాలుగు దెబ్బలతో పోయేది. నా నోటితో ఎందుకు చెప్పించావు? నువ్వు చెప్పావంటే అది నిజమేనని నమ్మే పిల్లనే దొరికానా నీకు? నన్ను నిలువునా మోసం చేశావు అన్నయ్యా.

పిన్ని కూతురి ద్వారా కనుక్కున్నాను. పైడమ్మ చీపురుపల్లిలో కూతురి దగ్గర ఉంది. నిన్న ఫోన్ చేసి అంతా చెప్పాను, నా అబద్ధంతో సహా. తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది. అంతా విని, "మీయమ్మకి తెలిసిందేటమ్మా, పోయేముందు? నాను తియ్యలేదని?" అని అడిగింది.

లేదన్నాను. ఫోన్ కూతురి చేతికి ఇచ్చేసింది.

ఈ ఉత్తరం నీకు అందే వ్యవధి ఉంచి, వచ్చే వారం శనివారం బండికి బయల్దేరుతున్నాను. కొత్తవలసలో దిగుతాను. స్టేషన్‌కు నువ్వొక్కడివే రా. అక్కడి నుంచి తిన్నగా చీపురుపల్లి వెళదాం. రాకపోతే నేనొక్కదాన్నే వెళతాను, కానీ నువ్వు రావాలి.

వదినకు నా నమస్కారాలు చెప్పు, పిల్లల్ని అడిగానని చెప్పు. పెద్దవాడివి, నీ ఆశీస్సులు కోరి ఉత్తరం ముగించాలి. ఈసారి కోరడం లేదు. ఆమె గుమ్మం ముందు నిలబడి నీ నోటితో నువ్వు చెప్పుకున్నాక, అక్కడే నీ కాళ్లకు దండం పెడతాను.

ఇట్లు,
నీ మాట నమ్మిన చెల్లెలు
వరలక్ష్మి